ఒంగోలు ఎముకల ఆసుపత్రిలో అత్తమ్మతో 9 రోజులు

మా అత్తమ్మకి 71 ఏళ్ళు. పోయిన భాద్రపదంలో ఒక గురువారం, ఇంకా తెల్లవారకముందే, గేదెకి కుడితి కలపడానికి పెరట్లోకి వెళ్ళి తొట్టి దగ్గర జారి పడింది. రాత్రంతా జల్లు పడి బండలు పాచిపట్టి ఉన్నాయి. నేను పరిగెత్తుకెళ్ళేసరికి ఎడమ పక్కకి ఒరిగి ఉంది. ఏడవలేదు. "కాలు నాది కానట్టుంది అమ్మాయ్" అంది అంతే.

మాది పొదిలి దగ్గర పల్లె. నేను అంగన్‌వాడీ టీచర్ని. ఆ తర్వాత 9 రోజులు ఒంగోలులో ఒక ప్రైవేటు ఎముకల ఆసుపత్రిలో ఉన్నాం. ఆ ఆసుపత్రి గురించే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. అక్కడ నాకు బాగా నచ్చినవి ఉన్నాయి, బాధపెట్టినవీ ఉన్నాయి. ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఏం చూసుకోవాలో తెలిస్తే చాలని నా ఉద్దేశం. మేం వెళ్ళేటప్పుడు మాకు చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ "ఆపరేషన్ చేసే డాక్టరు మంచివాడేనా" అనే అడిగారు. "అక్కడ నర్సులు ఎలాంటివాళ్ళు" అని ఒక్కరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

పడిన వెంటనే జరిగింది ముందు చెప్పాలి. పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి, "బెణికినట్టుంది, తైలం రాసి కాపడం పెట్టండి" అంది. అత్తమ్మ పడుకున్న తీరు చూస్తే నాకు అలా అనిపించలేదు. ఎడమ కాలు కుడి కాలి కంటే పొట్టిగా కనబడింది, పాదం బయటికి తిరిగిపోయింది. మడమ నేల మీద నుంచి ఎత్తమంటే ఎత్తలేకపోయింది. పెద్దవాళ్ళు పడినప్పుడు ఈ మూడూ కలిసి కనిపిస్తే తుంటి విరిగినట్టే అనుకోవాలని ఆసుపత్రికి వెళ్ళాక తెలిసింది. నిలబెట్టి నడిపించి చూద్దామని ఇద్దరు మగవాళ్ళు చంకల్లో చేతులు వేశారు. నేను వద్దని గట్టిగా అరిచాను. ఆ అరుపుకి ఇప్పటికీ నేను బాధపడను.

108కి ఫోన్ చేశాం. బండిలో వచ్చిన అబ్బాయి అత్తమ్మ రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టి, నా చున్నీ, మా ఆయన పంచె తీసుకుని కాళ్ళు రెండూ కలిపి వదులుగా కట్టాడు. "బాగున్న కాలే విరిగిన కాలికి బద్ద" అన్నాడు. అంతవరకూ ఊపిరి బిగబట్టి ఉన్న అత్తమ్మ అప్పుడు కాస్త వదిలింది. పొదిలి ప్రభుత్వ ఆసుపత్రిలో నొప్పికి ఇంజెక్షన్, సెలైన్ పెట్టి ఒంగోలు తీసుకెళ్ళమన్నారు. దాదాపు 50 కిలోమీటర్లు. చీమకుర్తి దాటేదాకా గ్రానైట్ లారీల మధ్య ప్రతి గుంతకీ ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను.

దారిలోనే మా బావగారు ఫోన్ చేశారు. "ఆపరేషన్ ఎందుకు, పుత్తూరు తీసుకెళ్దాం, కట్టు కట్టించుకొస్తే మూడు నెలల్లో లేస్తుంది" అని ఆయన మాట. మా వైపు పుత్తూరు కట్టు మీద నమ్మకం ఎక్కువ. చెయ్యి విరిగి అక్కడికి వెళ్ళొచ్చి పని చేసుకుంటున్నవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. ఆయన మాటని నేను తీసిపారెయ్యలేదు. అదే డాక్టరు గారిని అడిగాను. ఆయన విసుక్కోలేదు. ఈ ఆసుపత్రికి నేను వేసే మొదటి మంచి మార్కు అది.

ఆయన ఒక తెల్ల కాగితం తీసి తొడ ఎముక బొమ్మ గీశారు. పైన గుండ్రంగా బంతి, దాని కింద మెడ, మెడ కింద లావుగా ఉబ్బిన చోటు, అక్కడ నుంచి కిందికి బొంగులాంటి ఎముక. "ఎముకని ఏ డాక్టరూ అతికించడమ్మా. అది తనంతట తానే అతుక్కుంటుంది. వరసలో నిలబెట్టి, కదలకుండా ఉంచడమే మా పని. చేతికయితే బయట నుంచి కట్టుతో ఆపొచ్చు. తుంటి చుట్టూ ఉన్నవి బలమైన కండలు, అవి ఎముక ముక్కల్ని పైకి లాగేస్తాయి. బయట ఎంత కట్టినా అక్కడ పట్టు దొరకదు. లోపల నుంచే పట్టు ఇవ్వాలి" అన్నారు.

తర్వాత చెప్పింది మా బావగారి మనసు మార్చింది. కట్టయినా, బరువులు వేలాడదీసినా మూడు నెలలు మంచం మీదే ఉండాలి. 71 ఏళ్ళ మనిషి మూడు నెలలు వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుని నిమోనియా వస్తుంది, నడుం కింద పుండ్లు పడతాయి, కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఆ గడ్డ ఊపిరితిత్తులకి చేరొచ్చు. "తుంటి విరిగిన పెద్దవాళ్ళని ఎముక కంటే మంచమే ఎక్కువ దెబ్బతీస్తుంది. రాడ్డు వేసేది రేపో ఎల్లుండో ఆమెని నిలబెట్టడానికి" అన్నారు. ఒంట్లో వేరే పెద్ద సమస్య లేకపోతే పడిన రెండు రోజుల్లోపే ఆపరేషన్ అయిపోవాలట.

అత్తమ్మకి విరిగింది మెడ కింద లావుగా ఉండే చోటు. అక్కడ రక్తం బాగా అందుతుంది, అందుకని రాడ్డు వేస్తే అతుక్కుంటుంది. మెడ దగ్గరే విరిగి పక్కకి జరిగి ఉంటే బంతికి వెళ్ళే రక్తనాళాలు తెగిపోతాయి. పెద్దవాళ్ళలో అది అతుక్కోవడం కష్టం కాబట్టి బంతి తీసేసి కృత్రిమ బంతి పెడతారు. "తుంటి విరిగింది" అని మనం ఒకే మాట అంటాం గానీ రెండడుగుల తేడాలో వైద్యమే మారిపోతుందని... రెండడుగులు కాదు, రెండంగుళాలు కూడా ఉండదు ఆ తేడా. ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని దాచుకున్నాను.

ఎక్స్‌రే చూస్తూ ఆయన ఇంకో ప్రశ్న అడిగారు. "మీది ఏ ఊరు? చిన్నప్పటి నుంచి ఏ నీళ్ళు తాగింది?" అత్తమ్మ పుట్టిల్లు కనిగిరి వైపు. బోరు రాకముందు బావినీళ్ళు, వచ్చాక బోరు నీళ్ళు. ఈ నాలుగైదేళ్ళుగా క్యాను నీళ్ళు. ఆయన తల ఊపి ఎక్స్‌రేలో ఎముకలు మామూలు కంటే తెల్లగా ఉన్న చోట్లు చూపించారు. ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల ఎముక చూడ్డానికి చిక్కగా, గట్టిగా అవుతుంది, కానీ పెళుసుబారుతుంది.

ఈ సంగతి నాకు కొత్త కాదు. మా అంగన్‌వాడీకి వచ్చే పిల్లల తల్లుల పళ్ళ మీద గోధుమరంగు చారలు రోజూ చూస్తుంటాను. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశపు ప్రమాణం. 1937లోనే మద్రాసు రాష్ట్రంలోని ఫ్లోరోసిస్ గురించి వైద్యులు పరిశోధన పత్రం రాశారు. వాళ్ళు చూసింది అప్పటి నెల్లూరు జిల్లా మనుషుల్ని. పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. అంటే మా అత్తమ్మ పుట్టకముందే ఈ నీళ్ళ సంగతి కాగితాల మీద ఉంది. ఆ బావినీళ్ళతోనే ఆమె పెరిగింది, ఆరుగురికి వండి పెట్టింది. ఎక్స్‌రే ముందు నిలబడి నాకు ఏడుపొచ్చింది.

ఎముకల బలం కొలిచే డెక్సా స్కాన్ చెయ్యాలా అని అడిగాను. మన ప్రాంతం వాళ్ళకి ఫ్లోరైడ్ వల్ల ఆ అంకె ఎక్కువగా రావొచ్చు, అది చూసి ఎముక బాగుందనుకోకూడదు అన్నారు. నిలబడ్డ చోట జారిపడి తుంటి విరిగిందంటే ఎముక బలహీనమని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదట. ఈ ఒక్క మాట కోసమైనా మన ప్రాంతం గురించి తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్ళడం మంచిదనిపించింది.

ఇక ఇబ్బందులు. హిమోగ్లోబిన్ 8.6 ఉంటే రక్తం ఎక్కించాలన్నారు. మా ఆయన, మరిది రక్తం ఇచ్చారు. అది సరే. గుండె స్కాన్ చేసే డాక్టరు సాయంత్రం మాత్రమే వస్తారని మధ్యాహ్నం మూడింటికి చెప్పారు. ఉదయమే చెప్పి ఉంటే బయట చేయించుకుని వచ్చేవాళ్ళం. ఆ ఎదురుచూపుల్లో రాత్రయింది, ఆపరేషన్ శుక్రవారం మధ్యాహ్నానికి జరిగింది. పడినప్పటి నుంచి లెక్కేస్తే 33 గంటలు. రెండు రోజులు దాటలేదని వాళ్ళన్నారు. నిజమే. కానీ ఆ రాత్రి అత్తమ్మ కాలికి పట్టీ చుట్టి, మూడు కిలోల బరువు వేలాడదీసి పడుకోబెట్టినప్పుడు ఆమె పడిన యాతన చూసినవాళ్ళకి గంటల లెక్క వేరుగా ఉంటుంది.

డబ్బు విషయంలో నా ఫిర్యాదు గట్టిదే. ముందు "ఎనభై వేలు అవుతుంది" అన్నారు. చివరికి 1,12,400 అయింది. రాడ్డు ధర అందులో విడిగా 28,000. ఆ రాడ్డు ఏ కంపెనీదో, ఎంతో ఆపరేషన్ ముందు ఎవరూ చెప్పలేదు. మేం అడిగితేనే కేస్ షీటులో అంటించిన రాడ్డు స్టిక్కరు చూపించారు. ఆ స్టిక్కరు ఫొటో తీసుకోండి. రేపెప్పుడైనా ఆ రాడ్డు తియ్యాల్సి వస్తే ఏ డాక్టరయినా ముందు అడిగేది అదే. ఆ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కి ఎన్టీఆర్ వైద్యసేవ వర్తించదని మాకు చేరాక తెలిసింది. నొప్పితో ఉన్న మనిషిని మళ్ళీ అంబులెన్స్ ఎక్కించే ధైర్యం మాకు లేకపోయింది. మీరు మాత్రం గేటు దగ్గరే వైద్యసేవ డెస్క్ ఉందా, ఈ ఆపరేషన్ కార్డు మీద చేస్తారా అని అడిగి లోపలికి వెళ్ళండి.

ఇప్పుడు నేను నిజంగా రాయాలనుకున్న విషయానికి వస్తాను.

ఆపరేషన్ గంటా పది నిమిషాల్లో అయిపోయింది. వెన్నులో మత్తిచ్చి చేశారు. బయటికి తెచ్చినప్పుడు మెలకువగానే ఉంది. అంతా అయిపోయిందని మా బంధువులు ఆ సాయంత్రమే బస్సెక్కారు. పని అప్పుడే మొదలయింది. ఆ పని చేసింది రాత్రి డ్యూటీ సిస్టర్. కావలి అమ్మాయి. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు.

మొదట ఆమె దుప్పటి ముడతలు సరిచేసింది. "ఒక్క ముడత చాలక్కా, పుండు పడ్డానికి" అంది. రెండు గంటలకోసారి అత్తమ్మని తిప్పాలి. నాకు చేసి చూపించింది. మోకాళ్ళ మధ్య దిండు పెట్టి, భుజం దగ్గర ఒకరు, తుంటి దగ్గర ఒకరు పట్టుకుని, దుంగని దొర్లించినట్టు ఒంటిని మొత్తం ఒకేసారి తిప్పాలి. నడుం ఒక వైపు, కాలు ఒక వైపు మెలిపడకూడదు. మడమలు పరుపుకి ఆనకుండా పిక్కల కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టాలి. తిప్పిన ప్రతిసారీ నడుం కింద, మడమల మీద చర్మం చూడాలి. ఎర్రగా ఉంటే వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఫరవాలేదు. నొక్కినా ఎరుపు పోకపోతే అక్కడ పుండు మొదలవుతోందని అర్థం. అక్కడ రుద్దకూడదు, మాలీషు చెయ్యకూడదు, ఆ చోటు మీద బరువు పడకుండా చూడాలి. నేను రుద్దడానికి కొబ్బరినూనె సీసా కూడా తెచ్చుకున్నాను. ఆమె చెప్పాక సంచిలో పెట్టేశాను.

మూడు రంగుల బంతులుండే చిన్న పెట్టె ఒకటి ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు లేస్తాయి. చాలామంది ఊదుతారు. పీల్చాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకి పదిసార్లు. అత్తమ్మ మొదటి రోజు ఒక్క బంతి కూడా పైకి లేపలేకపోయింది. నాలుగో రోజుకి రెండు లేచాయి. పక్క మంచం వాళ్ళని పిలిచి చూపించింది.

రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద రోజూ ఒక చిన్న ఇంజెక్షన్. ఇచ్చాక అక్కడ రుద్దకూడదని, నల్లగా కమిలితే భయపడొద్దని చెప్పింది సిస్టర్. పాదాలు పైకీ కిందికీ ఆడించే వ్యాయామం మాత్రం మానకూడదు. "బోరు మోటారు లాగా అవ్వా, నీ పిక్కలే రక్తాన్ని పైకి తోలాలి" అని అత్తమ్మకి చెప్పింది. అది మా అత్తమ్మకి బాగా అర్థమైంది. కరెంటు పోయినప్పుడు కూడా "మోటారు ఆపలేదు" అనేది.

శుక్రవారం రాత్రి, అంటే ఆపరేషన్ అయిన రాత్రి, రెండింటికి అత్తమ్మ లేచి కూర్చోవడానికి ప్రయత్నించింది. సెలైన్ పీకేసింది. "గేదె ఈనుతోంది, ఎవరూ లేరు, నేను పోవాలి" అంటోంది. మా గేదె అప్పుడు చూడిది, ఈనడానికి ఇంకా నెల పైన ఉంది. పదేళ్ళ కిందట పోయిన మామయ్యని పేరు పెట్టి పిలిచింది. ఆయన్ని ఆమె ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. నన్ను "నువ్వెవరు" అంది. నా కాళ్ళు వణికాయి. మతి పోయిందనుకున్నాను. నా పాతికేళ్ళ కాపురంలో అంత భయం ఎప్పుడూ పడలేదు.

సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. అరవలేదు, చేతులు కట్టెయ్యలేదు. మంచం అడ్డ కమ్మీలు లేపి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "అవ్వా, ఇది ఒంగోలు. కాలు విరిగితే బాగుచేశారు. ఈమె నీ కోడలు. గేదె ఇంకా ఈనలేదు, మీ అబ్బాయి చూసుకుంటున్నాడు" అని అవే మాటలు నెమ్మదిగా మూడుసార్లు చెప్పింది. తర్వాత మూత్రం గొట్టం మడతపడిందేమో చూసింది, ఆక్సిజన్ చూసింది, చక్కెర చూసింది, నొప్పి ఉందా అని అడిగింది. గొట్టం నిజంగానే ఒంటి కింద నలిగి మూత్రం ఆగి ఉంది. సరిచేసి, డాక్టరుకి ఫోన్ చేసింది. లైటు చిన్నది వేసి ఉంచమంది. అత్తమ్మ కళ్ళద్దాలు సంచిలో ఉంటే తీయించి పెట్టించింది.

నాతో బయట వరండాలో చెప్పింది. "అక్కా, ఇది పిచ్చి కాదు. తుంటి ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళలో చాలామందికి వస్తుంది. నొప్పి, నిద్ర లేకపోవడం, నీళ్ళు తగ్గడం, మూత్రం ఆగడం, కొత్త చోటు, వీటన్నిటి వల్ల. రోజుల్లో తగ్గుతుంది. ఆమెతో వాదించకండి. ఈ రోజేంటి, ఎక్కడున్నాం, ఎవరెవరు వచ్చారు, అవి చెబుతూ ఉండండి." ఆదివారం మధ్యాహ్నానికి అత్తమ్మ నన్ను పేరు పెట్టి పిలిచి, "నువ్వు తిన్నావా" అని అడిగింది. రాత్రి సంగతులేవీ ఆమెకి గుర్తులేవు. నేనూ అప్పుడు గుర్తు చెయ్యలేదు.

ఆ సిస్టర్ పని ఇంకొకటి కళ్ళారా చూశాను. ఎదురు మంచం మీదికి సోమవారం రాత్రి ఒక క్వారీ కుర్రాడిని తెచ్చారు. మోకాలి కింది ఎముక విరిగింది. వేరే ఏదో చోట సిమెంట్ కట్టు వేయించుకుని, నొప్పి తట్టుకోలేక ఇక్కడికి వచ్చాడు. కొత్తగా విరిగిన కాలు కదా, నొప్పి ఉంటుందని వాళ్ళమ్మ సర్దిచెబుతోంది. నొప్పి ఇంజెక్షన్ ఇచ్చినా తగ్గలేదు. సిస్టర్ అతని కాలి బొటనవేలు పట్టుకుని నెమ్మదిగా పైకి వంచింది. కుర్రాడు కేక పెట్టాడు. ఆమె మారుమాట లేకుండా డాక్టరుకి ఫోన్ చేసింది. అర్ధరాత్రి ఒంటిగంటకి కట్టు నిలువునా కోసి, లోపలి దూది కూడా కోసి విప్పేశారు. కాలు ఉబ్బి, లోపల కండల మీద ఒత్తిడి పెరిగి, రక్తం ఆడకుండా పోతోందట. అలా కొన్ని గంటలు వదిలేస్తే కండ చచ్చిపోతుంది, ఇక కాలు పనికిరాదు. కట్టు విప్పినా తగ్గకపోతే కండపొరలు కోసి ఒత్తిడి తీసే ఆపరేషన్ చెయ్యాలి. ఆ కుర్రాడికి అంతవరకు రాలేదు.

ఇది ప్రతి ఇంటికీ తెలియాలి. కట్టు వేశాక నొప్పి రోజురోజుకి తగ్గాలి. మాత్ర వేసుకున్నా పెరుగుతుంటే, వేళ్ళు కదిపితే ప్రాణం పోతున్నట్టుంటే, తిమ్మిరెక్కితే, చల్లబడితే, పాలిపోతే తెల్లారేదాకా ఆగొద్దు. కాలికో చేతికో కట్టు వేసిన మొదటి రెండు రోజులు దిండ్ల మీద ఎత్తున పెట్టాలి. దురద పెడుతుందని కట్టులోకి పుల్లలు, స్కేళ్ళు దూర్చకూడదు. లోపల గీరుకుని పుండు పడితే బయటికి కనబడదు.

పగటి సిబ్బంది గురించి ఇంత మంచిగా రాయలేను. పిలిస్తే వచ్చేవాళ్ళు గానీ వచ్చేసరికి పావుగంట. పగలు ఇద్దరు సిస్టర్లకి పద్దెనిమిది మంచాలు. వాళ్ళ తప్పు కంటే అక్కడ మనుషుల్ని తక్కువ పెట్టినవాళ్ళ తప్పు ఎక్కువ. ఫిజియోథెరపిస్టు రోజుకి పది నిమిషాలే. కానీ ఆపరేషన్ మర్నాడే కాళ్ళు వేలాడదీసి కూర్చోబెట్టాడు, మూడో రోజు వాకర్ పట్టించి నిలబెట్టాడు. అత్తమ్మ నాలుగడుగులు వేసి చెమటలు కక్కింది. వాకర్ ముందుకి, తర్వాత ఆపరేషన్ కాలు, తర్వాత మంచి కాలు. ఈ వరస మేం పాటలాగా పాడుకున్నాం.

ఆసుపత్రి కట్టిన తీరులో నాకు అర్థంకాని సంగతి ఒకటుంది. ఎముకలు విరిగినవాళ్ళు ఉండే చోట వార్డు బాత్రూములో పట్టుకోవడానికి గోడకి ఒక్క కమ్మీ లేదు. గచ్చు నున్నగా ఉంది. రెండు మరుగుదొడ్లలో ఒకటే కూర్చునేది, రెండోది గొంతుక్కూర్చునేది. తుంటి విరిగినవాళ్ళు గొంతుక్కూర్చోలేరు. యాజమాన్యానికి కాగితం మీద రాసిచ్చాను. ఆరు వారాల తర్వాత వెళ్ళినప్పుడు కూర్చునే దొడ్డి పక్కన కమ్మీ బిగించి ఉంది. ఎవరు చెబితే బిగించినా సంతోషమే.

తిండి విషయంలో బంధువులతో నాకు పెద్ద పోరే అయింది. "పప్పు పెట్టకు, చీము పడుతుంది. వంకాయ వద్దు, గుడ్డు వద్దు" అని చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ. డాక్టరు మాత్రం పప్పు, గుడ్డు, పాలు, చేపలు అన్నీ పెట్టమన్నారు. గాయం మానాలన్నా ఎముక అతకాలన్నా మాంసకృత్తులు కావాలి. మా ఆయన రోజూ రాగిసంగటి, గుడ్డు తెచ్చేవాడు. అత్తమ్మ కుట్లు పదమూడో రోజున తీశారు, చుక్క చీము లేదు. ఇంటికొచ్చాక మా పెద్దత్త చేతికి ఆ పప్పుగిన్నె నేనే ఇచ్చి వడ్డించమన్నాను.

డిశ్చార్జి రోజు చెప్పాల్సినవన్నీ మూడు నిమిషాల్లో చెప్పారు. కాగితమంతా ఇంగ్లిషులో ఉంది. ఇంటికెళ్ళి మూడు నెలలు చేసుకోవాల్సినవాళ్ళం మేం. మాత్రలు ఎప్పుడు వేసుకోవాలి, ఎంత బరువు ఆనించాలి, ఏమయితే వెంటనే రావాలి, ఇవి తెలుగులో ఒక పేజీ రాసిస్తే ఏం పోతుంది? రాత్రి సిస్టరే డ్యూటీ దిగి వెళ్తూ నా నోటుపుస్తకంలో రాసిచ్చింది. పిక్క వాచి గట్టిపడి నొప్పి పెడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే, జ్వరం వచ్చినా గాయం చెమర్చినా వెంటనే రండి అని నాలుగు వరసలు. ఆ పేజీ మా వంటింటి గోడకి అంటించాను.

ఇంటికి కొన్నవి క్లుప్తంగా చెబుతాను. వాకర్ 950. షాపువాడు ఇచ్చిన ఎత్తు అత్తమ్మకి ఎక్కువ, భుజాలు పైకి లేచిపోయాయి. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. వాకర్ కాళ్ళ బొడిపెలు నొక్కి మేమే దించుకున్నాం. కింద రబ్బరు బూట్లు అరిగితే మార్చాలి, అవి జారితే మళ్ళీ మొదటికే వస్తాం. కమోడ్ కుర్చీ 1,900 పెట్టి కొన్నాం, పెట్టిన ప్రతి రూపాయికీ పనికొచ్చింది. గాలిపరుపు 2,600. వారంలోనే అత్తమ్మ లేచి తిరగడం మొదలుపెట్టింది కాబట్టి మాకు అది అంతగా అవసరపడలేదు. మంచం దిగలేనివాళ్ళకి తప్పకుండా కావాలి. ఆ పరుపు ఉన్నా తిప్పడం మానకూడదు. పొదిలి నుంచి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి పన్నెండుసార్లు ఇంటికి వచ్చింది, వచ్చినప్పుడల్లా 400. ఆమె మోకాలి కండకి చెప్పిన వ్యాయామాలు ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. పెరట్లో తొట్టి దగ్గర బండలు తీయించి గరుకు గచ్చు పోయించాం, గోడకి ఇనప కమ్మీ వేయించాం. లైటు పెట్టించాం. ఈ పని ముందే చేయించి ఉంటే నేను ఇదంతా రాసే అవసరమే ఉండేది కాదు.

ఆరు వారాలకి ఎక్స్‌రే తీయించడానికి మళ్ళీ ఒంగోలు వెళ్ళాం. డాక్టరు గారు విరిగిన చోట చుట్టూ తెల్లటి మబ్బులాంటిది చూపించారు. మొదట అక్కడ రక్తం గడ్డకడుతుంది, రెండు మూడు వారాలకి మెత్తటి ఎముక పుడుతుంది, ఆ తర్వాత వారాల్లో అదే సున్నం పట్టి గట్టిపడుతుంది. పూర్తిగా పాత ఆకారానికి రావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. విటమిన్ డి తక్కువగా ఉందని వారానికి ఒకటి చొప్పున 60,000 యూనిట్ల మాత్రలు 8 వారాలకి రాసిచ్చారు. మూత్రపిండాల పరీక్ష చేయించాక ఎముకల మందు సంగతి చూద్దామన్నారు. తాగడానికి, వండడానికి కూడా బోరు నీళ్ళు వాడొద్దని మరీమరీ చెప్పారు. వంట నీళ్ళ సంగతి అంతవరకూ మాకు తట్టలేదు.

మార్కులు వెయ్యమంటే డాక్టరు గారికీ రాత్రి సిస్టర్‌కీ ఐదుకి ఐదు, బిల్లుకి రెండు, డిశ్చార్జి పద్ధతికి ఒకటి వేస్తాను. మా ఇంట్లో ఇంకొకరికి కాలు విరిగితే మళ్ళీ అక్కడికే తీసుకెళ్తాను. వెళ్ళేముందు రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో అడుగుతాను.

ఆ రోజు చూపించుకోవడం అయిపోయినా అత్తమ్మ బండి ఎక్కనంది. సిస్టర్ డ్యూటీ రాత్రి ఎనిమిదింటికి. నాలుగింటి నుంచి కింద బల్ల మీద కూర్చుంది, వాకర్ పక్కన పెట్టుకుని, ఒళ్ళో స్టీలు డబ్బాతో. అంతకు మూడు రోజుల ముందే గేదె ఈనింది. ఎనిమిదికి పది నిమిషాలుందనగా ఆ అమ్మాయి గేటులోంచి వచ్చింది. అత్తమ్మ ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడి డబ్బా చాచింది. "జున్ను. నువ్వా రాత్రి గేదె ఈనలేదన్నావంటగా, మా కోడలు చెప్పింది. ఇప్పుడీనింది. పెయ్యదూడ" అంది.